తివాచీ వెనక వైపు చూపించి అమ్మాలి

సంపాదకులకు,

పండగల ముందు విజయవాడలో పెట్టే ప్రదర్శనల్లో ‘చేనేత పర్షియన్ కార్పెట్’ అన్న బోర్డు కింద మిషన్ సరుకు, టఫ్టెడ్ (ముడి వేయకుండా గుడ్డలోకి ఉన్ని గుచ్చి జిగురుతో అంటించిన) సరుకు కూడా అమ్మేస్తున్నారు. కొనేవాళ్లు పైనున్న రంగులు చూసి మోసపోతున్నారు. చూడాల్సింది వెనక వైపు.

చేత్తో ముడివేసిన తివాచీలో డిజైనంతా వెనక్కి కూడా స్పష్టంగా దిగుతుంది, ముడులు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటాయి. చివర కుచ్చులు పడుగు (నిలువు) దారాలే. మరమ్మతులో వేసినవైతే తప్ప, విడిగా కుట్టిన కుచ్చులు కనిపిస్తే అనుమానించాల్సిందే. వెనక గుడ్డ అంటించి ఉంటే అది టఫ్టెడ్. అందులో ఉన్నిని పట్టి ఉంచేది రబ్బరు జిగురు. మన ఉక్కకు అది కొన్నేళ్లలో పొడిగా రాలుతుంది, కంపు కొడుతుంది.

ఇరాన్‌లోని నేత ఊళ్ల పేర్లు చెప్పి అమ్మితే ఆ ఊరి లెక్క అడగండి. తబ్రీజ్‌లో ‘రజ్’ అంటారు, అంటే 7 సెంటీమీటర్ల వెడల్పులో పడే ముడులు. 50 రజ్ అయితే చదరపు మీటరుకు 5 లక్షల పైచిలుకు ముడులు. 6 బై 9 అడుగులదానికి పాతిక లక్షలు. ఒక్కరే కూర్చుని రోజుకు 8 వేల ముడులు వేసినా 10 నెలలు దాటుతుంది. అలాంటిది 20 వేల రూపాయలకిస్తామంటే ఇంక బేరమెందుకు? నాయిన్‌లో ఒక పడుగు దారానికి ఎన్ని పోగులు పేనారో ‘లా’ లెక్కన చెబుతారు: 9 లా, 6 లా, 4 లా. అంకె తగ్గేకొద్దీ పని సన్నం. దీన్ని తిరగేసి చెప్పే అమ్మకందార్లున్నారు, జాగ్రత్త. హెరిజ్ నేత ముతక, పువ్వులు కూడా కోణాలుగానే ఉంటాయి. బిజార్‌లో పేకను (అడ్డదారాన్ని) గట్టిగా దిమ్మించి కొడతారు కాబట్టి మడవకూడదు, చుట్టే పెట్టాలి. మడిస్తే పడుగు తెగొచ్చు.

నిజంగా చేత్తో నేసినదాంట్లోనూ ఒక దొంగపని ఉంది, జుఫ్తీ ముడి. రెండు పడుగు దారాల మీద వేయాల్సిన ముడిని నాలుగింటి మీద వేస్తారు. పని సగంలో తేలిపోతుంది, ఉన్ని పలచబడి నడిచేచోట ముందే అరుగుతుంది. ఉన్నిని వేళ్లతో విడదీసి అడుగున ముడి చూస్తేనే దొరుకుతుంది. ఒకే రంగులో అడ్డంగా కనిపించే చారలు (అబ్రష్) మాత్రం లోపం కాదు, ఉన్నికి వేర్వేరు విడతల్లో రంగు అద్దడం వల్ల వచ్చే తేడా.

నిర్వాహకులు ప్రతి తివాచీకీ ఒక చీటీ కట్టించాలి: చేతిముడా, టఫ్టెడా, మిషనా, పడుగు నూలుదా, ఉన్నిదా, పట్టుదా, నేసిన ఊరేది. ఉత్తరప్రదేశ్‌లోని భదోహీలో నేసింది భదోహీ అనే రాయండి. అక్కడి పని తక్కువేం కాదు. దాని మీద ఇరాన్ ఊరు ఇస్ఫహాన్ పేరు రాయడమే తప్పు.

– తివాచీ మరమ్మతు పనివారు, వన్‌టౌన్, విజయవాడ