సైట్ రెండ్రోజులు ఎందుకు పడుకుందంటే

అందరికీ నమస్కారం అండి. శనివారం రాత్రి నుంచి సోమవారం మధ్యాహ్నం దాకా మన పచ్చళ్ళ సైట్ ఓపెన్ కాలేదు, వాట్సాప్‌లో చాలామంది షాపు ఎత్తేశారా అన్నా అని అడిగారు. ఎత్తేయలేదు, నా చేతులారా నేనే పడగొట్టుకున్నా.

సైట్ నడిచే కంప్యూటర్, అదే సర్వర్ మీద, ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ 20.04 వెర్షన్ ఉండేది, దానికి మామూలు సపోర్ట్ 2025 మేతో అయిపోయింది, ఆవకాయ సీజన్‌లో కెలకడం ఎందుకులే అని వాయిదా వేసి వేసి మొన్న 22.04 ఎక్కిద్దామని కూర్చున్నా. అప్పుడెప్పుడో సైట్‌కి తగిలించిన ఒక ప్లగిన్ కొత్త పీహెచ్‌పీ (సైట్ రాసిన ప్రోగ్రామింగ్ భాష) అడిగిందని బయటి రిపోజిటరీ (సాఫ్ట్‌వేర్ దించుకునే చోటు) ఒకటి కలిపా, ఆ సంగతే మర్చిపోయా. అప్‌గ్రేడ్ మొదలవగానే ఉబుంటు బయటి రిపోలని ఆపేస్తుంది గానీ వాటి నుంచి వచ్చిన ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ మూటలు) అలాగే కూర్చుంటాయి, పైగా లిబ్‌పీసీఆర్‌ఈ2 (పీహెచ్‌పీ వాడుకునే ఒక లైబ్రరీ) లాంటి వాటి వెర్షన్ 22.04లో ఉన్నదానికంటే పెద్దది, ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ ఏమో తనంతట తాను వెర్షన్ దించదు, వాటి మీద ఆధారపడ్డవి మాకు ఫలానా వెర్షనే కావాలని మంకుపట్టు. సగం పాతది సగం కొత్తది అయ్యి ఆగిపోయింది.

చెడినవాటిని సరిచేసే ఫిక్స్ బ్రోకెన్ కమాండ్ కొడితే తీసేయాల్సిన లిస్టొకటి చూపించింది, అందులో డేటాబేస్ నడిపే మైఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా ఉంది! నిద్రమత్తులో సరే అని వై నొక్కబోయి ఆగా. ప్యాకేజీ తీసినా డేటా ఫోల్డర్ మామూలుగా అలాగే ఉంటుంది, కానీ మీ ఆర్డర్లన్నీ అందులోనే ఉన్నాయి, రాత్రి రెండింటికి అంత ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి.

ఆదివారం ముందు డేటా మొత్తం వేరే డిస్క్‌కి కాపీ తీసి, ఏ ప్యాకేజీ ఎక్కడి నుంచి వచ్చిందో ఆప్ట్ క్యాష్ పాలసీ అనే కమాండ్‌తో ఒక్కోటీ చూసుకుంటూ, బయటివన్నీ 22.04 వెర్షన్‌కి చేత్తో దించుకుంటూ, మధ్యమధ్యలో సగంలో ఆగిన ప్యాకేజీల సెటప్ పూర్తిచేసే డీపీకేజీ కాన్ఫిగర్ కొడుతూ కూర్చుంటే సోమవారానికి లేచింది. అప్‌గ్రేడ్‌కి ముందు స్నాప్‌షాట్ (సర్వర్ మొత్తానికి ఉన్నదున్నట్టు కాపీ) తీసుంటే ఇదంతా లేదు, ఐదు నిమిషాల పని, బద్ధకించా.

ఇక మీ ఆర్డర్లు. పాతవేవీ పోలేదు. కానీ సైట్ పడిపోతున్న టైంలో ఆరుగురు డబ్బులు కట్టారు, డబ్బులు మాకొచ్చాయి గానీ ఏ పచ్చడో ఏ అడ్రసో రాలేదు. నలుగురితో మాట్లాడేశాం. మిగతా ఇద్దరూ ఫోన్ ఎత్తట్లేదు, ఒకరిది 900, ఇంకొకరిది 1,350 రూపాయలు, శనివారం రాత్రి కట్టింది మీరైతే వాట్సాప్ చేయండి, వద్దంటే వెనక్కి పంపేస్తా. సోమ, మంగళవారాల్లో వెళ్ళాల్సిన గోంగూర, పండుమిర్చి పార్సిళ్ళు గురువారం వెళ్తాయి, వాటికి కొరియర్ ఖర్చు మాదే.

ఉబుంటు 24.04కి మళ్ళీ ఎక్కించాలి, అది దసరా అయ్యాకే, అదీ ముందు కాపీ సర్వర్ మీద. కూపన్ పేజీ ఇంకా లేవలేదు, ఈలోపు కూపన్ కోడ్ ఆర్డర్ నోట్‌లో రాసేయండి, నేనే తగ్గించి బిల్లు వేస్తా.