పేర్ల పట్టిక యజమాని చేతిలో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

చిన్న దుకాణాలు, క్లినిక్కులు, కోచింగ్ సెంటర్లు కూడా సొంత వెబ్‌సైటు, సొంత మెయిలు పెట్టుకోవాలని చెబుతూ మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. డొమైన్ పేరు ఎలా కొనుక్కోవాలో, గడువు ముగిసేలోపు ఎలా పొడిగించుకోవాలో చక్కగా వివరించారు. పేరు కొన్న తర్వాత సంగతి మాత్రం అందులో లేదు. గుంటూరు, విజయవాడల్లోని చిన్న సంస్థల సర్వర్లను పంతొమ్మిదేళ్లుగా చూసుకుంటున్నాను. నా దగ్గరికి వచ్చే కష్టాల్లో సగం ఆ తర్వాతి సంగతి తెలియకపోవడం వల్ల వచ్చేవే. అందుకే ఈ ఉత్తరం.

డొమైన్ కొంటే మనకు దక్కేది పేరు మీద హక్కు. ఆ పేరుతో వెబ్‌సైటు ఏ యంత్రంలో ఉంది, మెయిలు ఎక్కడికి చేరాలి, బిల్లింగు ఎక్కడ నడుస్తోంది అనే వివరాలు డీఎన్ఎస్ (డొమైన్ నేమ్ సిస్టమ్) సర్వర్‌లో, అంటే పేర్లకు దారి చెప్పే యంత్రంలో, వరుసలు వరుసలుగా ఉంటాయి. ఒక్కో వరుసను రికార్డు అంటారు. పేరుకు అంకెల చిరునామా చెప్పేది 'ఏ' రికార్డు. మెయిలుకు దారి చూపేది 'ఎంఎక్స్'. ఒక పేరుకు మరో పేరును ముడిపెట్టేది 'సీనేమ్'. చిన్న దుకాణానికి పది వరుసలు చాలు, శాఖలున్న సంస్థకు వందలు కావాలి. అన్నీ కలిపిన పట్టిక పేరు జోన్ ఫైలు. అది మామూలు అక్షరాల ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఎవరైనా చదువుకోవచ్చు.

'.ఇన్' పేర్ల రిజిస్ట్రీని చూసే నిక్సీ దగ్గర ఈ పట్టిక ఉండదు. ఈ పేరు గురించి ఫలానా సర్వర్‌ను అడగండి అన్న సమాచారం మాత్రమే అక్కడ ఉంటుంది. పట్టిక ఆ సర్వర్ నడిపేవాళ్ల దగ్గరే. చాలామంది యజమానులు దాన్ని ఒక్కసారి కూడా చూసి ఉండరు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. మనుషులు మంచినీళ్లకూ పాలకూ అల్లాడిన ఆ రోజుల్లో సర్వర్ల సంగతి చిన్నదే, నాకు తెలుసు. కానీ అక్కడ నేను పని చేసిపెట్టే విడిభాగాల వ్యాపారి ఒకాయన ఉన్నారు. ఆయన ఆఫీసు కింది అంతస్తులో, డీఎన్ఎస్ సర్వర్ ఆ ఆఫీసులో. మెయిలు వేరే ఊళ్లోని యంత్రంలో క్షేమంగానే ఉంది, దానికి దారి చెప్పే పట్టిక మాత్రం నీళ్లలో మునిగింది. మూడో రోజున బంధువుల ఇంటికి చేరాక ఫోను చేశారు. ఆగస్టులో తీసి పెట్టుకున్న జోన్ ఫైలు నా దగ్గర ఉంది. అద్దెకు తీసుకున్న సర్వర్ మీదికి ఎక్కించాను. ముప్పై ఎనిమిది రికార్డులు, పది నిమిషాల పని. సర్వర్ మారిందని రిజిస్ట్రార్ దగ్గర, అంటే పేరు అమ్మిన సంస్థ దగ్గర, నమోదు చేశాం. మెయిలు అందకపోతే పంపిన సర్వర్లు కొన్ని రోజులపాటు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి కనుక మర్నాటికల్లా ఆగిన ఉత్తరాలు ఒక్కటొక్కటిగా రావడం మొదలైంది. అందులో ఇన్సూరెన్స్ వాళ్ల ఉత్తరం కూడా ఉంది. "అమ్మా, ఇల్లు తడిసింది కానీ ఊరూ పేరూ మిగిలాయి" అన్నారాయన.

ఇక రెండో అనుభవం. గుంటూరులోని ఒక విద్యాసంస్థ తన పట్టికను ఒక హోస్టింగ్ వ్యాపారి దగ్గర పెట్టింది. సేవ నచ్చక వేరేచోటికి మారాలనుకుంది. అరవై నాలుగు రికార్డులు. ఫైలుగా ఇమ్మని అడిగితే "అలా ఇచ్చే పద్ధతి మాకు లేదు, తెర చూసి రాసుకోండి" అన్నారు. తెర మీద ఒకసారికి పది వరుసలే కనిపిస్తాయి. మెయిలు మన దగ్గర్నుంచే వెళ్లిందని రుజువు చేసే తాళం ఒకటి ఆ పట్టికలో ఉంటుంది, దాదాపు 400 అక్షరాలు. ఇంగ్లీషులో పెద్ద ఐ, చిన్న ఎల్ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. నేనూ నా దగ్గర పనిచేసే అమ్మాయీ రెండుసార్లు సరిచూసుకున్నా ఒక అక్షరం తప్పింది. తొమ్మిది రోజులపాటు ఆ సంస్థ పంపిన ప్రవేశ లేఖలు విద్యార్థుల స్పామ్‌లో పడ్డాయి. సీటు రాలేదనుకుని ఇంకోచోట ఫీజు కట్టేసిన పిల్లలున్నారు. ఆ తండ్రుల ముందు నిలబడి ఒక్క అక్షరం తేడా అని చెప్పడం నా వల్ల కాలేదు.

ఫైలు ఇవ్వకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ లేదు. తొలిరోజుల్లో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని నిర్వహిస్తే మిగతావాళ్లు నకలు తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగి ఆ పద్ధతి తట్టుకోలేనప్పుడు 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించారు. 1987లో వచ్చిన ప్రమాణ పత్రాల్లో జోన్ ఫైలు ఎలా రాయాలో స్పష్టంగా ఉంది. నేటికీ అదే రాత. ఒక సర్వర్ నుంచి తీసిన ఫైలును మరో సంస్థ సర్వర్ చదవగలగాలనే ఆ రాతను అందరికీ ఉమ్మడిగా పెట్టారు. దారిన పోయేవాళ్లందరికీ పట్టిక మొత్తం చూపించకూడదు, ఆ జాగ్రత్త న్యాయమే. యజమాని అడిగితే ఇవ్వకపోవడం మాత్రం అన్యాయం. ఇంటి దస్తావేజు అద్దెకున్నవాళ్లు దాచుకోవడం లాంటిది.

ఫైలు చేతిలో ఉన్నంత మాత్రాన కళ్లు మూసుకుని ఎక్కించవచ్చని నేను అనడం లేదు. ఈ మాట నా తప్పు వల్లే నేర్చుకున్నాను.

బ్రాడీపేటలో చిరునామా ఎలా చెబుతామో గుంటూరు వాళ్లకు తెలుసు. నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అయితే 4/7. అక్కడ ఒక రక్తపరీక్షల ల్యాబుకు ఆరు కౌంటర్లు ఉన్నాయి, తెనాలి, మంగళగిరి వంటి చోట్ల మరికొన్ని. కంప్యూటర్లకు పేర్లు పెట్టినవాళ్లు బ్రాడీపేట కౌంటర్లకు చిరునామానే పేరు చేశారు: 4-7, 2-5 అలా. ప్రింటర్లు, బయటి శాఖలు అన్నీ కలిపి నూట నలభై పేర్లు. కొత్త సర్వర్‌కు మార్చాలి. ఒక్కోటి చేత్తో కొడితే రాత్రంతా పడుతుందని జాబితాను ఎక్సెల్‌లో పెట్టి, కామాల ఫైలుగా (సీఎస్‌వీ) దాచి, ఆజ్ఞలు రాసి నడిపే పవర్‌షెల్‌తో సర్వర్‌లోకి ఎక్కించాను. ఒక్క దోషం కూడా చూపలేదు. పదకొండింటికి ఇంటికి వెళ్లిపోయాను.

ఉదయం ఆరింటికి ఫోను. బ్రాడీపేట కౌంటర్లలో బార్‌కోడ్ చీటీలు రావడం లేదు. తెనాలిలో వస్తున్నాయి, మంగళగిరిలో వస్తున్నాయి. పరగడుపున వచ్చి కూర్చున్న షుగరు రోగులు, వాళ్లలో పెద్దవయసు వాళ్లే ఎక్కువ. నేను వెళ్లేసరికి ఒకావిడ కళ్లు తిరుగుతున్నాయంటే నర్సు ఆమెను బల్ల మీద పడుకోబెడుతోంది.

పట్టిక తెరిచి చూస్తే 4-7 లేదు. ఆ చోట జులై 4వ తేదీ ఉంది. గీతతో రాసిన రెండంకెలను ఎక్సెల్ తేదీ అనుకుని మార్చేసింది. అంకెలు, అక్షరాలు, మధ్యలో గీత, ఇవి యంత్రం పేరులో ఉండవచ్చు కనుక సర్వర్ ఆ తేదీని కూడా పేరుగానే అంగీకరించింది. '4-7-ప్రింటర్' లాంటి పేర్లు తేదీలా లేవు కనుక వాటికేమీ కాలేదు. అందుకే రాత్రి నేను పరీక్షించిన నాలుగు పేర్లూ పలికాయి.

ఆరు వరుసలు దిద్దాను. అయినా చీటీలు రాలేదు. "అలాంటి పేరు లేదు" అన్న జవాబును మధ్యలోని సర్వర్ గుర్తుపెట్టుకుంది. లేదన్న జవాబును ఎంతసేపు గుర్తుంచుకోవాలో పట్టిక మొదట్లో ఉండే ఎస్ఓఏ రికార్డులోని చివరి అంకె చెబుతుంది. అక్కడ 3600 సెకన్లు అని రాసింది నేనే. ఆ జ్ఞాపకాన్ని చెరిపించి మొదటి చీటీ బయటికి వచ్చేసరికి ఏడుంబావు.

మా నాన్నగారు మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేశారు. రోజు చిట్టాలోంచి ఆవర్జాకు లెక్క ఎక్కించాక ఆయన పుస్తకం మూసేవారు కాదు. ఇంకొకరు చిట్టా చదువుతుంటే ఆయన ఆవర్జాలో వేలు పెట్టి టిక్కు కొట్టేవారు. రాత్రి ఎనిమిదైనా అది అయ్యాకే ఇంటికి. ఆ ల్యాబు ఘటన తర్వాత నేనూ అదే పెట్టుకున్నాను. ఎక్సెల్‌లో ముందుగా పేర్లుండే నిలువు వరుసను అక్షరాల (టెక్స్ట్) వరుసగా మార్చాకే పేర్లు రాస్తాను. ఎక్కించాక సర్వర్ నుంచి పట్టికను మళ్లీ ఫైలుగా తీసి, నా దగ్గర పనిచేసే అమ్మాయి చదువుతుంటే నేను టిక్కు పెడతాను. నూట నలభై పేర్లకు ఇరవై నిమిషాలు పడుతుంది.

తనిఖీ పనిముట్లు లేకపోలేదు. బైండ్ అనే డీఎన్ఎస్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే 'నేమ్డ్ చెక్‌జోన్' అనే పనిముట్టు ఫైలులోని దోషాలను ముందే చూపిస్తుంది. సీనేమ్ పెట్టిన పేరుకే ఇంకో రికార్డు పెడితే వెంటనే పట్టుకుంటుంది. కానీ రాత సరిగా ఉందో లేదో చెబుతుందే తప్ప మనం రాయదలచింది అదేనా అన్నది దానికి తెలియదు. జులై 4 దానికి మంచి పేరే. ఇంకొకటి, పూర్తి పేరు చివర చుక్క పెట్టాలి. మరిచిపోతే మన డొమైన్ పేరు దానికి రెండోసారి తగులుకుంటుంది, మెయిలు లేని ఊరికి బయల్దేరుతుంది. పట్టిక మార్చిన ప్రతిసారీ ఎస్ఓఏ రికార్డులో ఉండే దాని సీరియల్ నంబరును పెంచాలి. లేకపోతే పట్టిక నకలు ఉంచుకునే రెండో సర్వర్ మార్పు జరిగిందనే అనుకోదు, పాతదే చెబుతూ కూర్చుంటుంది.

ఎక్కించే పద్ధతిని బట్టి కూడా తేడా ఉంది. జోన్ ఫైలు మొత్తాన్ని మార్చి మళ్లీ చదవమన్నప్పుడు అందులో రాత దోషం ఉంటే బైండ్ దాన్ని తీసుకోదు, పాత పట్టికతోనే జవాబులు ఇస్తుంది. జనానికి ఇబ్బంది ఉండదు. కామాల ఫైలులోంచి ఒక్కో వరుసకు ఒక్కో ఆజ్ఞ నడిపే పద్ధతిలో అరవయ్యో వరుస దగ్గర ఆగిపోతే యాభై తొమ్మిది లోపలికి వెళ్లిపోయి ఉంటాయి, మిగతావి బయట. ఆ సగం పట్టికను విడదీయడం మొదటినుంచి రాయడం కన్నా కష్టం. ఈ పద్ధతి వాడేవాళ్లు ముందు పాత పట్టిక నకలు తీసిపెట్టుకోవాలని చేతులు జోడించి చెబుతున్నాను.

మా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే ఇంజినీరింగ్ పిల్లలు తెలివైనవాళ్లు. డీఎన్ఎస్ అంటే ఏమిటని అడిగితే నిర్వచనం అప్పజెబుతారు. జోన్ ఫైలు చూపిస్తే ఇదేమిటంటారు. కాలేజీ ల్యాబులో తెర మీద మౌసుతో ఒక్క రికార్డు చేర్పించి సంతకం పెట్టేస్తున్నారట. రెండు వందల పేర్ల ఫైలు ఇచ్చి, అందులో కావాలని నాలుగు తప్పులు పెట్టి, ఎక్కించి చూపించమంటే ఒక్క మధ్యాహ్నంలో వచ్చే చదువు ఇది. ఇక్కడి కాలేజీల అధ్యాపకులు ఆ ఒక్క మధ్యాహ్నం కేటాయించాలి.

హోస్టింగ్ వ్యాపారం చేసే సోదరులను అడిగేది ఒకటే. ఖాతాదారు అడిగిన రోజున ఫైలు ఇవ్వండి. అమ్మేటప్పుడే ఆ మాట రసీదు మీద రాయండి. ఖాతాదారులు కూడా మారాలనుకున్న రోజు దాకా ఆగకుండా ఈ వారమే అడిగి తీసుకోవాలి. తీసుకున్నది అదే ఆఫీసు కంప్యూటర్‌లో కాకుండా వేరేచోట పెట్టుకోవాలి. సింగ్‌నగర్ వ్యాపారి ఇప్పుడు దాన్ని కాగితం మీద అచ్చు తీయించి బ్యాంకు లాకర్లో కూడా పెట్టారు.

మీ కంప్యూటర్ శీర్షికలో చోటు దొరికితే ఇరవై వరుసల జోన్ ఫైలు నమూనాను, ఒక్కో వరుసకు తెలుగు వివరణతో రాసి పంపగలను. పారితోషికం అక్కర్లేదు. చుక్కలు మాత్రం అచ్చులో పోకుండా చూడాలి.

ఇట్లు,
ఒక సర్వర్ నిర్వాహకురాలు,
కొరిటెపాడు, గుంటూరు