ఫొటో కింద సెట్టింగ్స్ కూడా వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పత్రికలో రోజూ మంచి ఫొటోలు వస్తున్నాయి, కింద ఫొటోగ్రాఫర్ పేరు కూడా వేస్తున్నారు, సంతోషం. ఆ పేరు పక్కనే ఎపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు) ఎంత, షట్టర్ స్పీడ్ (వెలుతురు లోపలికొచ్చే సమయం) ఎంత, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె) ఎంత అని ఇంకో చిన్న లైను వేయమని అడగడానికే ఈ ఉత్తరం. మాన్యువల్ మోడ్ (ఈ మూడూ మనమే పెట్టుకునే పద్ధతి) నేర్చుకుంటున్న నాలాంటివాళ్లకు ఆ మూడు అంకెలు చాలా పనికొస్తాయి.

మాన్యువల్ అనగానే అందరికీ టెన్షన్. లెక్క మాత్రం చిన్నదే. షట్టర్‌ను 1/125 సెకను నుంచి 1/250 సెకనుకి మారిస్తే లోపలికొచ్చే వెలుతురు సగమవుతుంది, ఐఎస్ఓ 100ను 200 చేస్తే ఆ తగ్గిన సగం సరిపోతుంది. తికమక పెట్టేది ఎపర్చరే. ముందు ఎఫ్/ అని రాసే 2.8, 4, 5.6, 8, 11 అని ఆ వరస ఎందుకలా ఉందో చెప్పేవాళ్లు తక్కువ. లెన్స్ రంధ్రం వైశాల్యం సగం కావాలంటే దాని వ్యాసం సుమారు 1.4 రెట్లు తగ్గాలి, అందుకే రంధ్రం చిన్నదయ్యే కొద్దీ అంకె అదే లెక్కన పెరుగుతుంది. ఇది ఒంటబడితే ఎఫ్/8తో 1/250 పెట్టినా, ఎఫ్/5.6తో 1/500 పెట్టినా వెలుతురు ఒకటేనని తెలిసిపోతుంది. ఇక రంధ్రం చిన్నది పెట్టి వెనకున్నదంతా స్పష్టంగా రప్పించాలా, షట్టర్ వేగం పెంచి పరుగెత్తే మనిషిని చెదరకుండా రప్పించాలా అన్నది మన ఇష్టం.

వెలుతురు ఎంతుందో కొలిచి చూపే కెమెరా మీటర్ సంగతి ఇంకా ముఖ్యం. కెమెరా ఏది చూసినా దాన్ని మధ్యరకం బూడిద రంగులోకి తేవాలనే చూస్తుంది. ఫ్రేమ్ నిండా తెల్ల చొక్కా ఉన్నప్పుడు మీటర్‌ను సున్నా (దాని లెక్కలో సరైన వెలుతురు) దగ్గర నిలబెడితే చొక్కా మాసిపోయినట్టు వస్తుంది, అక్కడ ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పైగా ఎక్కువ ఇవ్వాలి. నల్ల కోటయితే తగ్గించాలి.

పున్నమి చంద్రుడి ఫొటో వేసిన రోజైతే సెట్టింగ్స్ తప్పకుండా వేయండి. రాత్రి కదా అని కొత్తవాళ్లు షట్టర్‌ను సెకన్ల పాటు తెరిచి ఉంచుతారు, చివరికి వచ్చేది ఒక తెల్లటి చుక్క. చంద్రుడి మీద పడేది ఎండే కాబట్టి ఐఎస్ఓ 100, ఎఫ్/11, 1/125 దగ్గర మొదలుపెడితే చాలు, మచ్చలు కూడా కనిపిస్తాయి. ఫొటో కింద ఆ అంకెలు చూసినవాడు ‘రాత్రిపూట ఇంత తక్కువ టైమా?’ అని ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు.

సెట్టింగ్స్ చెబితే కాపీ కొడతారని కొందరు ఫొటోగ్రాఫర్లు వెనకాడతారు. నాకైతే ఆ భయం అనవసరం అనిపిస్తుంది, అదే వెలుతురు, అదే క్షణం ఇంకొకరికి మళ్లీ ఎక్కడ దొరుకుతాయి?

రోజూ కుదరకపోతే ఆదివారం సంచికలో ఒక్క ఫొటోకైనా వేయండి. లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లదో, ఆ షట్టర్ స్పీడే ఎందుకు పెట్టారో ఫొటోగ్రాఫర్ చేత ఒక్క వాక్యం రాయించండి. ఆ ముక్క లేకపోతే ఎండలో తీసిన ఫొటో అంకెలనే ఎవరో ఇంట్లో బల్బు కింద పెట్టి, ఫొటో నల్లగా వచ్చిందని కెమెరాను తిట్టుకుంటారు.

ఇట్లు,
ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్న ఒక పాఠకుడు