లాభాలొచ్చేదాకా ఆగకురా!

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో! సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలని ఎన్నాళ్లుగానో అంటున్నావు, మొత్తానికి ధైర్యం చేశావు. కానీ చివర్లో ‘టాక్సుల సంగతి లాభాలొచ్చాక చూసుకుందాంలే’ అని రాశావు చూడు, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది.

లాభం మీద పడేది ఆదాయపు పన్ను. అమ్మకాల మీద పడేది వేరే ఉంది. వ్యాట్ అను, జీఎస్టీ అను, దానికి నీ లాభనష్టాలతో పని లేదు. చాలా దేశాల్లో ఈ పన్ను కింద రిజిస్ట్రేషన్‌కి చూసేది టర్నోవర్‌నే, అంటే మొత్తం అమ్మకాల విలువనే. నువ్వు నష్టాల్లో ఉన్నా సరే, అమ్మకాలు పరిమితి దాటాయంటే రిజిస్టర్ చేసుకోవాల్సిందే. దాటిన సంగతి గమనించక పన్ను వేయకుండా అమ్మేశావనుకో, ఆ సొమ్ము తర్వాత నీ జేబులోంచే పోతుంది. ఎప్పుడో కొనుక్కెళ్లినవాణ్ణి ఇప్పుడు పిలిచి అడగలేవు కదా! అందుకే నెలనెలా అమ్మకాలు కూడి చూసుకుంటూ ఉండు.

ఈ వ్యాట్ 1954లో ఫ్రాన్స్‌లో మొదలైంది. మోరిస్ లోరే అనే పన్నుల అధికారి ఆలోచన అది. ఇప్పుడు 170కి పైగా దేశాల్లో ఏదో ఒక రూపంలో ఉంది. లెక్క తేలికే. రేటు 20 శాతం అనుకో. 100 విలువైన సరుక్కి 120 తీసుకుంటావు. ఆ 20 నీది కాదురా, ప్రభుత్వానిది. అయితే నువ్వు ఆ సరుకు కొన్నప్పుడే 12 పన్ను కట్టి ఉంటే, అది మినహాయించుకుని మిగతా 8 కడితే చాలు. కాకపోతే ఆ 12కి సరైన బిల్లు ఉండాలి. అమ్మినవాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, పన్ను ఎంతో విడిగా కనబడాలి. చిన్న మెషిన్‌లోంచి వచ్చే నున్నటి బిల్లులున్నాయే, వాటి మీద అక్షరాలు కొన్నాళ్లకే వెలిసిపోతాయి. ఏ రోజు బిల్లు ఆ రోజే ఫోటో తీసి దాచుకో.

వసూలైన పన్ను ఇంటి ఖర్చుల్లో కలిసిపోకుండా వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరువు. ఇది మాత్రం వాయిదా వేయకు. రిజిస్టర్ అయ్యాక అమ్మకాలు లేకపోయినా సాధారణంగా రిటర్న్ (అమ్మకాలు, పన్ను లెక్కలు చూపే పత్రం) వేయాలి, ఆలస్యమైతే జరిమానా. పనివాళ్లని పెట్టుకుంటే జీతంలో కోతల లెక్కలు వేరే ఉంటాయి, అవి అప్పుడు చూద్దాం.

కంపెనీ పెట్టాలా, సొంత పేరు మీదే నడపాలా అని అడిగావు. సొంత పేరైతే కాగితాల పని తక్కువ, కానీ వ్యాపారంలో అప్పయితే నీ సొంత ఆస్తి మీదకీ వస్తుంది. కంపెనీ అయితే చట్టం దృష్టిలో అది వేరు, నువ్వు వేరు. కానీ ఖర్చూ, దాఖలు చేయాల్సినవీ ఎక్కువ. అప్పు తెచ్చే ఆలోచన ఉంటే ముందు ఒక అకౌంటెంట్‌తో కూర్చో. ఆ ఫీజుకి వెనకాడకు.

ఇంతకీ నీ దగ్గర కొనేది మామూలు జనమా, వ్యాపారులా? అది రాయలేదు నువ్వు. వ్యాపారులైతే పరిమితి దాటకముందే రిజిస్టర్ చేసుకోవడం మంచిదనిపిస్తోంది. నువ్వు వేసిన పన్నుని వాళ్లు మినహాయించుకుంటారు, నువ్వు కొన్నవాటి మీద నీకూ కలిసొస్తుంది. మామూలు జనమైతే వాళ్లకి ధర పెరిగినట్టే. వెంటనే జవాబు రాయి, మొదటి బిల్లు కొట్టేలోపే తేల్చుకుందాం.

నీ
నేస్తం