పోటీలు చాలు, తినడానికి టైమివ్వండి: విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. పిల్లలకు ఆరోగ్యకరమైన తిండి అలవాటు చేయమంటూ వచ్చే సర్క్యులర్లు నాకు కొత్త కాదు. వ్యాసరచన, నినాదాలు, గోడ మీద పోస్టర్, ఆఖర్న ఫొటోలు తీసి పంపడం. మా పిల్లలు పోటీల్లో బాగానే రాస్తారు. ఏ కూరగాయలో ఏ విటమిన్ ఉందో టకటకా చెప్పేస్తారు. గంట కొట్టాక అదే కూరగాయను ప్లేటు అంచుకు నెట్టేస్తారు. తెలియక మానేయడం లేదు కాబట్టి, మరోసారి చెప్పినంత మాత్రాన తినరు. మీరు మార్చగలిగినవి వేరే ఉన్నాయి. వాటికి పెద్దగా డబ్బు కూడా అక్కర్లేదు.

తీపికి ఎగబడటం, చేదుకు మొహం తిప్పుకోవడం పుట్టుకతో వచ్చేవే. రెండేళ్ల నుంచి ఆరేళ్ల లోపు కొత్త తిండిని చూస్తే మొండికేయడం మరీ ఎక్కువ. ఇది పెంపకంలో లోపమేమీ కాదు. అదే తిండి ఒత్తిడి లేకుండా మళ్లీ మళ్లీ ఎదురైతే చాలామంది పిల్లలు దారికొస్తారు. అందుకు దాదాపు 8 నుంచి 15 సార్లు రుచి చూడాల్సి రావచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. బీన్స్ ముక్కనే తీసుకోండి. మొదటిసారి వేలితో పక్కకు తోస్తాడు. ఇంకోసారి ఎత్తి వాసన చూస్తాడు. తర్వాతెప్పుడో నాలుక చివర ఆనించి, మొహం వికారంగా పెట్టి, మళ్లీ ప్లేట్లో పడేస్తాడు. చూసేవాళ్లు "వీడు తినడు" అని తేల్చేస్తారు. కానీ ఆ నాలుక ఆనించడం కూడా లెక్కలోకి వచ్చేదే!

చిక్కెక్కడంటే, బడి వంటగదికి అంత ఓపిక ఉండదు. కూర మిగిలిపోతే వండినవాళ్లను అడుగుతారు. అడిగించుకోవడం ఎవరికి ఇష్టం? రెండుసార్లు మిగిలిన కూర మూడోసారి మెనూలో కనిపించదు. అందుకే కొత్త కూరగాయను రెండు మూడు ముక్కలకు మించి వడ్డించవద్దనీ, మిగిలినా మళ్లీ మళ్లీ పెడుతూనే ఉండాలనీ, ఆ మిగులుకు వంటవాళ్లను తప్పుపట్టవద్దనీ ఉత్తర్వు ఇవ్వండి. అన్నిటికంటే ముందు అడిగేది ఇదే.

ప్లేటు ఖాళీ చేసినవాళ్లకు స్టార్ ఇచ్చే పద్ధతిని కూడా ఆపించండి. కడుపు నిండిందని తెలిసి ఆగడం పిల్లలకు సహజంగా ఉండే తెలివి, ఆ స్టార్ దాన్నే చెడగొడుతుంది. ఇక "కూర తింటే చాక్లెట్" అనే బేరం సంగతి చెప్పనక్కర్లేదు. చాక్లెట్ విలువ పెరుగుతుంది, కూర శిక్షలా మారుతుంది.

ఇప్పుడు టైమ్‌టేబుల్ సంగతి. భోజన విరామం పేరుకు అరగంట. చేతులు కడుక్కోవడానికి ఒక లైను, వడ్డనకు ఇంకో లైను. చిన్నతరగతి పిల్లలు కూర్చునేసరికి పెద్దవాళ్ల ఆటల అరుపులు మొదలవుతాయి. ఇక ఎవరు నములుతారు? నాలుగు ముద్దలు మింగి పరుగు. ఆ హడావిడిలో ముందు మిగిలిపోయేవి కూరగాయలే, ఎందుకంటే వాటిని నమలాలి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో కొన్ని ప్రాథమిక పాఠశాలలు ఆటల సమయాన్ని భోజనానికి ముందుకు జరిపాయి. అక్కడ పిల్లలు తినే పండ్లు, కూరగాయలు 54 శాతం పెరిగినట్టు 2015లో వెలువడిన అధ్యయనంలో తేలింది. వంటకం మార్చలేదు, గంట వేళ మార్చారంతే. మరో అధ్యయనం 2021లో 10 నిమిషాల భోజనాన్నీ 20 నిమిషాల భోజనాన్నీ పోల్చి చూసింది. సమయం తగ్గితే పండ్లు, కూరగాయలు తినడం బాగా తగ్గిపోయింది. కాబట్టి ముందు ఆట, తర్వాత భోజనం. లైన్లు పోను, కూర్చున్నాక కనీసం 20 నిమిషాలు.

ఇంకొకటి రాస్తే తోటి టీచర్లకు కోపం వస్తుంది, అయినా రాస్తున్నాను. పిల్లలు పెద్దవాళ్లను చూసి తింటారు. మేమేమో స్టాఫ్ రూములో తలుపేసుకుని తింటాం. రోజుకొక టీచర్ వంతున పిల్లల మధ్య కూర్చుని అదే భోజనం తినేలా చేయండి. అయితే ఆ సమయాన్ని డ్యూటీగా లెక్కకట్టండి, సేవ పేరుతో మా నెత్తిన పెట్టకండి.

శీతల పానీయాల గురించి క్లుప్తంగా. 330 మిల్లీలీటర్ల మామూలు కూల్‌డ్రింక్ డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. ఇలా కలిపిన చక్కెర రోజు మొత్తం శక్తిలో 10 శాతానికి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు. రోజుకు 1,500 కేలరీలు తీసుకునే పిల్లలకు అది దాదాపు 37 గ్రాములు. ఒక్క డబ్బాతో దాదాపు ఆ రోజు వాటా అయిపోయినట్టే. చిలీ దేశం 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల మీద నల్లటి హెచ్చరిక గుర్తులు పెట్టించింది, వాటిని బళ్లలో అమ్మనివ్వలేదు, పిల్లల్ని ఆకర్షించే కార్టూన్ బొమ్మల్ని తీయించింది. దేశమంతటా చట్టం తేవడం మీ ఒక్క శాఖతో అయ్యే పని కాదని తెలుసు. బడి ఆవరణ మాత్రం మీ చేతిలోనిదే. క్రీడాపోటీల బ్యానర్ల మీద కూల్‌డ్రింక్ కంపెనీల పేర్లు తీయించండి, తాగునీటి కుళాయిలు పనిచేసేలా చూడండి.

వచ్చే విద్యా సంవత్సరం టైమ్‌టేబుల్ సెలవుల్లోనే తయారవుతుంది. ఉత్తర్వు ఆలోగా వస్తే బడి తెరిచిన రోజు నుంచే అమలు చేయవచ్చు. ఆలస్యమైతే ఇంకో ఏడాది ఆగాలి.

ఇట్లు
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు