పాత కార్ల పుస్తకంలో తప్పుల గురించి ఫిర్యాదు

ప్రచురణ విభాగం మేనేజర్ గారికి,

విషయం: బ్రిటిష్ కాలపు మోటారు బళ్ల మీద మీ సంస్థ వేసిన బొమ్మల పుస్తకం.

అయ్యా,

మద్రాసు ప్రెసిడెన్సీ మోటారు చరిత్ర అని అట్ట మీద చూసి ఆశగా తెప్పించుకున్నాను. ఫొటోలు చాలా బాగున్నాయి. రాసిన విషయం మాత్రం బాధ కలిగించింది.

ఫోర్డ్ 1995లో మొదటిసారి మన దేశానికి వచ్చిందని రాశారు. అది తప్పు. 1926లోనే ఇక్కడ ఫోర్డ్ కంపెనీ పెట్టి, ఆ తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో విడి భాగాలతో కార్లు బిగించారు. బ్రిటిష్ సామ్రాజ్యంలో, బ్రిటన్ మినహా, అమ్మే హక్కు ఫోర్డ్ కెనడాది కాబట్టి ఇక్కడి కంపెనీ కూడా దాని కిందే ఉండేది. ఈ తప్పు ఒక్క లైనులో సరిచేయొచ్చు.

నా అసలు ఫిర్యాదు వేరు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో ఫ్యాక్టరీ తెరవడం, 1954లో మూసేయడం వివరంగా ఇచ్చారు. ఆ బళ్లను ఊళ్లకు చేర్చిన వ్యాపారుల గురించి ఒక్క ముక్క లేదు. బొంబాయిలో బిగించిన జనరల్ మోటార్స్ వారి షెవర్లే కారు దానంతట అది మదురై చేరలేదు కదా! సొంత డబ్బు పెట్టి బళ్లు తెచ్చి, స్పేర్ పార్టులు నిల్వ ఉంచి, వర్క్‌షాపు నడిపి, కుర్రాళ్లకు మెకానిక్ పని నేర్పించింది ఏజెంట్లే. బస్సుల్లో అయితే ఛాసిస్, అంటే అడుగు చట్రం, విదేశాలది, పైన చెక్క బాడీ మన వడ్రంగుల చేతి పని.

మదురైలో టీవీఎస్ సంస్థ పెట్టిన టి.వి. సుందరం అయ్యంగార్ పేరే లేకపోవడం నాకు అస్సలు మింగుడుపడలేదు. 1910ల మొదట్లో బస్సు సర్వీసుతో మొదలుపెట్టిన ఆయన సంస్థ తర్వాత జనరల్ మోటార్స్ బళ్లకు పెద్ద డిస్ట్రిబ్యూటర్ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరకనప్పుడు, బొగ్గు గ్యాసుతో బళ్లు నడిచేలా వాటికి బిగించే గ్యాస్ ప్లాంట్లు తయారుచేసింది కూడా ఆ సంస్థే. అంత పని చేసినవాళ్లను వదిలేసి, విదేశీ కంపెనీ వచ్చింది, వెళ్లింది అని రాస్తే అది మన రోడ్ల చరిత్ర ఎలా అవుతుంది?

నాకు డబ్బు వాపసు అక్కర్లేదు. వచ్చే ముద్రణలో ఏజెంట్ల మీద ఒక అధ్యాయం చేర్చండి. స్కూలు లైబ్రరీలకు కూడా ఈ పుస్తకం పంపుతున్నామని మీ ప్రకటనలో ఉంది. పంపేముందే ప్రతి కాపీలో సవరణ చీటీ పెట్టించి, ఆ సంగతి నాకు రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
మీ పుస్తకం కొన్న పాఠకుడు