ట్యూనింగ్ పనిలో చేస్తున్న మార్పుల గురించి మా కస్టమర్లకు

అందరికీ నమస్కారం. మా దగ్గర హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ పీసీలు (చేతిలో పట్టుకుని గేములు ఆడే చిన్న కంప్యూటర్లు) సర్వీసు చేయించుకుంటున్నవాళ్లకీ, కొత్తగా బుక్ చేసుకున్నవాళ్లకీ ఒక మాట సూటిగా చెప్పాలి. ‘ఫుల్ స్పీడ్ ట్యూనింగ్’ ప్యాకేజీని ఆపేస్తున్నాం. ఇకపై మీరు ఏ గేములు ఆడతారో, ఛార్జర్ లేకుండా ఎంతసేపు ఆడాలనుకుంటారో ముందు అడుగుతాం. దాన్నిబట్టే మెషీన్‌ని సెట్ చేస్తాం. సెట్టింగుల పనికి డబ్బు తీసుకోం. మెషీన్ విప్పాల్సి వస్తేనే ఛార్జి.

ఎందుకంటే, వచ్చేవాళ్లలో ఎక్కువమంది ముందు అడిగేది ‘ఎఫ్‌పీఎస్ పెంచండి’ అనే. ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకి స్క్రీన్ మీద గీసే బొమ్మల, అంటే ఫ్రేముల, లెక్క. కాసేపు మాట్లాడితే అసలు ఇబ్బంది వేరే ఉంటుంది. ఫ్రేములు బాగానే వస్తున్నా ఫైట్ మధ్యలో గేమ్ పట్టేసినట్టు ఆగుతుంది. లేదా పైన గాలి వచ్చే చోట వేలు పెట్టలేనంత వేడి. లేదా కూర్చుని గంటయ్యేసరికి బ్యాటరీ ఖాళీ. వీటికి చిప్‌కి ఇచ్చే పవర్, అంటే వాట్లు, పెంచడం మందు కాదు. చాలాసార్లు తగ్గించడమే మందు.

2023లో వచ్చిన ఆసుస్ కంపెనీ హ్యాండ్‌హెల్డ్ ఆర్‌ఓజీ అలైనే తీసుకోండి. సైలెంట్ మోడ్‌లో చిప్‌కి 10 వాట్లు, పెర్ఫార్మెన్స్‌లో 15, టర్బోలో 25, ఛార్జర్ పెట్టి టర్బో వేస్తే 30. బ్యాటరీ 40 వాట్-అవర్లు. చిప్‌కి ఇచ్చే 25 వాట్లతో లెక్క అయిపోదు. స్క్రీన్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్ తినేది దానికి అదనం. అన్నీ కలిపి 35 వాట్లు లాగాయనుకోండి, గంటా పది నిమిషాలు కూడా రాదు. మొత్తం 20 వాట్లలో సర్దుకుంటే రెండు గంటలు వస్తుంది.

మరి ఆ ఎక్కువ వాట్లతో దక్కేది ఎంత? ఇది మీ కళ్లతో మీరే చూడండి. ఒక బరువైన గేమ్ తెరిచి, క్యారెక్టర్‌ని రద్దీగా ఉండే చోట కదలకుండా నిలబెట్టండి. స్క్రీన్ మూలన ఓవర్‌లే (గేమ్ మీదే ఫ్రేములు, వాట్ల అంకెలు చూపించే చిన్న పట్టీ) పెట్టుకుని వాట్లు ఒక్కో మెట్టూ పెంచుతూ వెళ్లండి. 10 నుంచి 15కి వెళ్తే ఫ్రేములు గబగబా పెరుగుతాయి. 15 నుంచి 20కి కూడా తేడా తెలుస్తుంది కానీ ఆ ఊపు ఉండదు. 25 దాటాక ఫ్యాన్ హోరెత్తుతుంది, అంకె మాత్రం పెద్దగా కదలదు. క్లాక్ స్పీడ్ పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి, ఖర్చయ్యే పవర్ వోల్టేజీ వర్గానికి (స్క్వేర్‌కి) తగ్గట్టు పెరుగుతుంది. అందుకే చివరి కొద్దిపాటి వేగం అంత ఖరీదు. పైగా ఈ మెషీన్లలో గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ప్రాసెసర్‌తో కలిసి ఒకే ర్యామ్ వాడుకుంటుంది. డేటా అందడమే ఆలస్యమైతే చిప్‌కి ఎన్ని వాట్లు పోసినా అది ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

మేం మొదట చేసేది ఫ్రేములకి హద్దు పెట్టడం. 30 ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేముకి 33.3 మిల్లీసెకన్లు, 60 దగ్గర 16.7. ఈ రెంటికీ సరిగ్గా మధ్యలో ఉన్న 25 మిల్లీసెకన్లు 40 ఫ్రేముల దగ్గరే వస్తాయి. అంటే 30 నుంచి పది ఫ్రేములు పెంచితే చాలు, 60కి వెళ్లే దారిలో సగం ఉపశమనం దొరికినట్టే. 120 హెర్ట్జ్ స్క్రీన్‌లో, అంటే సెకనుకి 120 సార్లు రిఫ్రెష్ అయ్యే స్క్రీన్‌లో, 40 సమానంగా సరిపోతుంది, ఒక్కో ఫ్రేము మూడు రిఫ్రెష్‌ల పాటు నిలుస్తుంది. స్టీమ్ డెక్ అనే హ్యాండ్‌హెల్డ్‌లో ఎల్‌సీడీ మోడల్ అయితే స్క్రీన్‌నే 40 హెర్ట్జ్‌కి దించవచ్చు. 90 హెర్ట్జ్ ఉన్న దాని ఓఎల్‌ఈడీ మోడల్‌కి 45 బాగుంటుంది. 38కీ 62కీ మధ్య ఊగిసలాడే గేమ్ కంటే కదలకుండా 40 దగ్గర నిలబడే గేమ్ చేతికి ఎంతో హాయిగా ఉంటుంది. ఒకసారి అలా ఆడి చూడమని మాత్రం ప్రతి ఒక్కరినీ అడుగుతాను.

తర్వాత రిజల్యూషన్, అంటే బొమ్మలో ఉండే చుక్కల (పిక్సెళ్ల) లెక్క. 1080పీలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు, 720పీలో 9.2 లక్షలు. ఏడంగుళాల స్క్రీన్ మీద ఆ తేడా కంటికి ఆనేది తక్కువే, చిప్‌కి తగ్గే బరువు మాత్రం సగానికి పైనే. గేమ్‌లో ఎఫ్‌ఎస్‌ఆర్ (చిన్న బొమ్మని పెద్దది చేసి చూపే ఏఎండీ కంపెనీ పద్ధతి) ఉంటే ముందు అదే వాడండి. అది మెనూ అక్షరాలనీ మ్యాప్‌నీ పూర్తి రిజల్యూషన్‌లోనే ఉంచి, వెనకున్న దృశ్యాన్ని మాత్రమే తక్కువలో గీసి పెద్దది చేస్తుంది. లెనోవో వాళ్ల లీజియన్ గో మొదటి మోడల్ ఉన్నవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది. దాని స్క్రీన్ 2560×1600. 1280×800 పెడితే ఒక్కో పిక్సెల్ సరిగ్గా నాలుగు పిక్సెళ్లలో కూర్చుంటుంది కాబట్టి ఇంటీజర్ స్కేలింగ్‌తో బొమ్మ మసకబారదు. ఇక ఫ్రేమ్ జనరేషన్, అంటే అసలు ఫ్రేముల మధ్య కల్పించిన ఫ్రేములు చొప్పించడం గురించి చాలామంది అడుగుతున్నారు. అసలు ఫ్రేములు 60 దగ్గర్లో ఉంటేనే అది పనికొస్తుంది. 25 వచ్చే గేమ్‌లో ఆన్ చేస్తే ఓవర్‌లేలో అంకె పెరుగుతుంది, బటన్ నొక్కాక స్పందన మాత్రం ఆ 25 దగ్గరే, ఇంకాస్త ఆలస్యంగానే ఉంటుంది. అలాంటి చోట మేం దాన్ని ఆన్ చేయం.

గేమ్ పట్టేసినట్టు ఆగడానికి ఒక కారణం షేడర్లు, అంటే వెలుగు, రంగులు ఎలా గీయాలో గ్రాఫిక్స్ చిప్‌కి చెప్పే చిన్న ప్రోగ్రాములు. గేమ్ మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు సిద్ధం చేసుకుంటుంటే తొందరపడి స్కిప్ కొట్టకండి, పూర్తిగా కానివ్వండి. ఇంకో కారణం మెమరీ పంపకం. 16 జీబీ ఉన్న మెషీన్‌లో గ్రాఫిక్స్‌కి 4 జీబీ కేటాయించి ఉంటే కొన్ని కొత్త గేములు ఇబ్బంది పడతాయి, 6 చేస్తే కుదురుకుంటాయి. 8 ఇస్తే విండోస్‌కి మిగిలేది 8 మాత్రమే కాబట్టి అక్కడ ఇబ్బంది మొదలవుతుంది. గేమ్‌ని బట్టి చూసుకోవాల్సిన విషయం ఇది. 6 అందరికీ సరైన అంకె అని నేను చెప్పను.

విండోస్‌లో మెమరీ ఇంటెగ్రిటీ అనే సెట్టింగ్ ఆపేస్తే గేములు కొంచెం మెరుగుపడే అవకాశం ఉందని మైక్రోసాఫ్టే చెప్పింది. కానీ అది సెక్యూరిటీకి సంబంధించిన రక్షణ. అదే మెషీన్‌లో బ్యాంకు పనులు, ఆఫీసు మెయిళ్లు చూసేవాళ్లకి మేం దాన్ని ఆపం, ఆపమని సలహా కూడా ఇవ్వం. అలాగే ఎవరో సగం ఫైళ్లు తీసేసి తయారుచేసిన విండోస్ కాపీలు వేయమని అడగవద్దు. అందులో ఏం కలిపారో మాకు తెలియదు. తెలియనిది మీ చేతికి ఇవ్వలేం. కంపెనీ పెట్టిన హద్దు దాటి వాట్లు ఎక్కించే పనీ చేయం. ఇవి చేసిపెట్టే వేరే చోటు చూసుకుంటామని కొందరు వెళ్లిపోవచ్చు. ఆ సంగతి ఆలోచించుకునే ఈ నిర్ణయం తీసుకున్నాం.

డబ్బు తీసుకుని చేసే పనులు మూడే: ఫ్యాన్‌నీ హీట్‌సింక్‌నీ (చిప్ వేడిని బయటికి లాగే లోహపు భాగం) శుభ్రం చేయడం, చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చడం, ఎస్‌ఎస్‌డీ పెద్దది వేయడం. మొదట్లో బాగా ఆడి, ఇప్పుడు అదే గేమ్ అవే సెట్టింగులతో పావుగంట తర్వాత నెమ్మదిస్తుంటే, ఫ్యాన్ సౌండ్ కూడా పెరిగి ఉంటే, అప్పుడు తీసుకురండి. సాధారణంగా అది దుమ్ము పనే. కొత్త మెషీన్‌ని ‘ఎందుకైనా మంచిది’ అని విప్పించకండి, వారంటీ సంగతి ముందు చూసుకోండి.

ఒక చిన్న విషయం ఇంట్లోనే చేసుకోవచ్చు. విండోస్ మెషీన్ల పవర్ బటన్‌ని స్లీప్ బదులు హైబర్నేట్‌కి (చేస్తున్న పనిని డిస్క్‌లో దాచి మెషీన్‌ని పూర్తిగా ఆపే పద్ధతికి) మార్చుకోండి. బ్యాగులో ఉండగా దానంతటదే లేచి వేడెక్కి, బయటికి తీసేసరికి బ్యాటరీ సున్నా అయిందనే ఫిర్యాదు దీంతో చాలావరకు పోతుంది.

ఇప్పటికే ప్యాకేజీకి డబ్బు కట్టినవాళ్లకి పూర్తి మొత్తం వెనక్కి వేస్తాం, లేదా కావాలంటే క్లీనింగ్ పనికి సర్దుతాం. ఏది కావాలో మెసేజ్ పెట్టండి. మెషీన్ పంపేటప్పుడు దానితో వచ్చిన ఒరిజినల్ ఛార్జర్ కూడా జతచేయండి, ఎందుకంటే ఫోన్ ఛార్జర్ మీద పూర్తి వాట్లు పరీక్షించలేం. మీరు ఎక్కువగా ఆడే రెండు గేముల పేర్లు రాసి, వాటిని ఇన్‌స్టాల్ చేసే పంపండి. క్లౌడ్‌లో లేని సేవ్ ఫైళ్లు ముందే కాపీ తీసి పెట్టుకోండి.